పసుపుగా ఉన్న నామ్ డాక్ మై (థాయ్ మామిడి రకం) పుల్లగా ఎందుకుంది?

బ్యాంకాక్ బజారులో కొన్న ఈ మామిడికాయలు పసుపుగా ఉన్నా గట్టిగా ఉన్నాయని, ఒకటి కోస్తే పుల్లగా ఉందని, మిగిలిన మూడూ ఫ్రిజ్‌లో పెట్టానని రాశారు. రంగు చూసి కోసేశారు, అంతే. అక్కడ మిమ్మల్నెవరూ మోసం చేయలేదు. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది నామ్ డాక్ మైలో ‘సీ థాంగ్’, అంటే బంగారు రంగు రకం. కాయ రాయిలా ఉన్నప్పుడే దీని తొక్క పసుపెక్కిపోతుంది. మన బంగినపల్లి లెక్క దీనికి పనికిరాదు.

మిగిలిన మూడు కాయలకు:

1. ముందు ఫ్రిజ్‌లోంచి తీసేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముగ్గని కాయని సుమారు 13 డిగ్రీల కన్నా చల్లగా ఉంచితే పండటం దెబ్బతింటుంది. తర్వాత బయట పెట్టినా తొక్క మచ్చలు పడుతుంది, రుచి చప్పబడుతుంది.
2. కాగితంలో చుట్టి బయటే పెట్టండి.
3. రోజూ తొడిమ దగ్గర వాసన చూడండి. గుప్పుమనాలి. బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి, తొక్క మీద సన్నటి ముడతలు మొదలవ్వాలి. అప్పుడు కోయండి: పీచుండదు, టెంక పల్చన, చెంచాతో తినేయొచ్చు.

థాయ్‌వాళ్లు మామిడిపండుతో తినే కొబ్బరిపాల జిగురన్నంలోకి అలా ముగ్గినదే వాడాలి.

కోసేసిన పుల్ల ముక్కలకి ఉప్పూకారం అద్దుకోండి. థాయ్‌వాళ్లు అందులో పంచదార కూడా కలుపుతారు, అదీ బాగుంటుంది.