కారు రేటు ఇరవై లక్షలు పడిపోయింది... అమ్మిన షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు లక్ష్మీపురం. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తాను. 2024 జూన్‌లో విజయవాడలో ఒక సెకండ్‌హ్యాండ్ లగ్జరీ కార్ల షాపులో 2018 మోడల్ జర్మన్ స్పోర్ట్స్ కారు, రెండు తలుపులది, 47 లక్షలకు నా పేరు మీద కొన్నాను. డబ్బంతా బ్యాంకు ద్వారానే కట్టాను. ఢిల్లీ నంబరు బండి. అప్పుడు మీటరు మీద 21,000 కిలోమీటర్లుంది. ‘రెండేళ్లలోపు ఎప్పుడు తెచ్చినా 40కి మేమే తీసుకుంటాం సార్’ అని షాపు కుర్రాడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు డబ్బు అవసరమై ఫోన్ చేస్తే 27కు మించి రాదంటున్నారు. ఈమధ్య కంపెనీ సర్వీస్ సెంటర్లో చూపిస్తే 2022లోనే ఈ బండి 58,000 తిరిగినట్టు రికార్డు బయటపడింది. ఆర్సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. నాకు పోయిన 20 లక్షలు రాబట్టుకోవచ్చా? లేక వచ్చినకాడికి అమ్మేసుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే అమ్మేయకండి. డబ్బు అవసరమన్నారు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ మీ కేసులో అసలు సాక్షి ఆ కారే. అది చేతులు మారిన మర్నాటి నుంచి మీ దగ్గర మిగిలేవి ఫోన్లో ఫొటోలు, నోటిమాటలే. పైగా మీకు టైము తక్కువ. షాపువాళ్లు ఇచ్చిన రెండేళ్ల మాట 2026 జూన్‌తో అయిపోతుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు చట్టం ఇచ్చింది కూడా రెండేళ్లే. మీటరు సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క కట్టాలని మనం వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమని అడగనూవచ్చు. కానీ ఆ వాదన అవసరమే రాకుండా జూన్‌లోపే వేసేయడం మంచిది.

మీరు ‘పోయిన 20 లక్షలు’ అని ఒకే మొత్తంగా రాశారు. కమిషన్‌లో అది ఒకే మొత్తంగా ఉండదు. అందులో కొంత మార్కెట్ వల్ల పోయింది, కొంత షాపువాళ్లు చెప్పిన అబద్ధం వల్ల పోయింది. మార్కెట్ వల్ల పోయింది ఏ కోర్టూ ఇప్పించదు.

ఈ రకం కార్ల రేటు పడటానికి ఎవరూ మోసం చేయనక్కర్లేదు. బీమా కంపెనీలు వాడే తరుగుదల పట్టిక చూడండి. ఆరు నెలలలోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తీసేస్తారు. ఐదేళ్లు దాటితే బండి విలువ ఎంతన్నది కంపెనీ, ఓనరు మాట్లాడుకుని రాసుకోవాల్సిందే. మీరు కొన్ననాటికే మీ బండి ఆ గీత దాటింది. బీమా విలువా బజారు రేటూ ఒకటి కావు, నిజమే. అయినా అవతలి లాయరు ముందు ఈ పట్టికే చదువుతాడు.

దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకుముందు పెద్ద ఇంజిన్ కారుకు 28 శాతం పన్ను, దాని మీద 20 శాతం దాకా, ఎస్‌యూవీ అయితే 22 శాతం దాకా సెస్సు ఉండేవి. ఇప్పుడు సెస్సు లేదు, మొత్తం కలిపి 40 శాతమే. అంటే పన్నుతో కలిపి 148 రూపాయలు పడే చోట 140 పడుతోంది. కొత్త బండే తగ్గితే పాతబండికి పాత రేటు ఎవరిస్తారు? ఇక మన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా! నేలకు జానెడు ఎత్తులో ఉండే రెండు తలుపుల బండిని గుంటూరు సందుల్లో తిప్పాలనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? కొనేవాళ్లు తక్కువైన సరుకు రేటు ఎలా పడుతుందో మిర్చి అమ్మే మీకు తెలియనిది కాదు. ఈ తగ్గుదలను చట్టం వస్తువులో లోపంగా గానీ, సేవాలోపంగా గానీ చూడదు.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. మీ కేసుకు అదే ప్రాణం. ‘ఈ బండికి రేటు పడదు సార్, బంగారం లాంటిది’ అని మాత్రమే రాసి ఉంటే నేను మీకు ఆశ చూపించేవాణ్ణి కాదు. అది అమ్మేవాడి గొప్పలు, చట్టం దృష్టిలో అభిప్రాయం. కానీ మీకు వచ్చిన మెసేజ్‌లో గడువుంది, అంకె ఉంది, ‘మేమే తీసుకుంటాం’ అన్న మాట ఉంది. ఆ మాట నమ్మే మీరు 47 ఇచ్చారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. మెసేజ్ మొత్తం మళ్లీ ఒకసారి చదవండి. ‘కండిషన్ బాగుంటే’ అనో ‘అటూ ఇటూగా’ అనో ఉందేమో చూడండి. అలాంటి మాట ఉంటే కేసు పోదు గానీ బేరానికి తలుపు తెరుచుకుంటుంది.

‘ఆ కుర్రాడికి ఆ మాట ఇచ్చే అధికారం లేదు’ అని షాపు యజమాని అనడం ఖాయం. అందుకే ఆ నంబరు షాపు విజిటింగ్ కార్డు మీద గానీ, బిల్లు మీద గానీ, బోర్డు మీద గానీ ఉందేమో వెతకండి. బేరం నడిపింది, అకౌంట్ నంబరు పంపింది, డెలివరీ ఇచ్చింది ఆ కుర్రాడే అయితే, అతనికి అధికారం ఉందని మీరు నమ్మేలా చేసింది యజమానే. కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ అలాంటి యజమానిని తప్పించుకోనివ్వదు.

దయచేసి ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటీ సాక్ష్యంగా నిలబడటం కష్టం. కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. దాన్లో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు తాలూకు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) కూడా రాయాలి. మీ లాయరు చేయిస్తారు, కానీ అసలు ఫోను ఉంటేనే.

‘ఫోన్ చేస్తే 27 అన్నారు’ అంటే సరిపోదు. ‘ఫలానా తేదీ మెసేజ్ ప్రకారం బండి అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను, 40 లక్షలు ఇచ్చి తీసుకోండి’ అని గడువు లోపల రాతపూర్వకంగా అడగాలి. అదే వాట్సాప్ నంబరుకు ఒకటి, షాపు అడ్రసుకు స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు ఒకటి పంపండి. జూన్ దాటాక అడిగితే ‘మేం ఇచ్చిన మాటకు కాలం చెల్లింది’ అంటారు, అప్పుడు వాళ్లదే న్యాయం అవుతుంది.

వాళ్లు కాదంటే, మీకు రావాల్సింది ఒప్పుకున్న 40కీ, కాదన్న రోజు మార్కెట్ రేటుకూ మధ్య తేడా. 1961లో మురళీధర్ చిరంజీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ లెక్కనే స్థిరపరిచింది. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత నష్టపోయినవాడి మీద కూడా ఉందని అదే తీర్పు చెప్పింది. 27 అన్నది షాపువాళ్ల మాట. నిజమైన కిలోమీటర్లు చెప్పి ఇంకో ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర రాతలో కొటేషన్ తీసుకోండి. 27 అనే తేలితే తేడా 13 లక్షలు.

ఇక మీటరు. సర్వీస్ సెంటర్ చెప్పింది నిజమైతే, 2022లో 58,000 తిరిగిన బండి 2024లో 21,000 చూపించడానికి ఎవరో దాన్ని వెనక్కి తిప్పి ఉండాలి. నాలుగేళ్ల కిందట ఇలాంటిదే ఒక కేసులో క్లయింటు బండిని ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీకి చూపించాం. ఆయన మీటరు వైపు చూడలేదు. తలుపు తీసి వంగి, బ్రేకు పెడల్ మీద వేలు పెట్టి చూపించాడు. రబ్బరు మీద గాట్లు అరిగి నున్నగా అయిపోయాయి. డ్రైవరు సీటు అంచు తోలు పగిలి దారం బయటికొచ్చింది. పక్క సీటు మాత్రం కొత్తదానిలా ఉంది. ‘ఇది ఇరవై వేల బండి కాదండీ’ అన్నాడు. తర్వాత తీయించిన సర్వీస్ జాబ్‌కార్డులు ఆ మాటే చెప్పాయి. మీ బండికీ ఆ ఫొటోలు ఇప్పుడే తీయించండి. మీటరు మార్చినా ఇంజిన్ కంప్యూటర్లోనో ఇతర మాడ్యూళ్లలోనో పాత లెక్క మిగిలిపోయే కార్లున్నాయి. కంపెనీ స్కానర్ పెట్టి చూడమనండి.

వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘మీటరు పాత ఓనరు తిప్పాడేమో, మాకు తెలియదు’ అంటారు. ‘జాగ్రత్తపరుడైతే కొనేముందే సర్వీస్ రికార్డు చూసుకునేవాడుగా’ అని కూడా అంటారు. ఈ రెండో వాదనలో కొంత పస ఉంది. మీరు చూసుకోవాల్సింది. అయితే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్లో ఉన్న ఆ మినహాయింపు తెలియక చెప్పిన తప్పుకూ, మౌనంగా దాచిపెట్టిన మోసానికీ వర్తిస్తుంది గానీ, తెలిసి నోరు తెరిచి చెప్పిన అబద్ధానికి కాదు. షాపు ప్రకటనలోనో మెసేజ్‌లోనో ‘21,000 మాత్రమే, జెన్యూన్’ అని ఉంటే అది తప్పకుండా దాచుకోండి.

మొత్తం 47 లక్షలూ వాపసు అడగమని మాత్రం నేను చెప్పను. దాదాపు రెండేళ్లు వాడుకున్నారు. సరుకు స్వీకరించాక షరతు తప్పినా కొన్నవాడికి మిగిలేది నష్టపరిహారమేనని సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 13వ సెక్షన్ అంటోంది. ఆ పరిహారం లెక్క కొన్న రోజుది, ఇవాళ్టిది కాదు. నిజమైన కిలోమీటర్లతో 2024 జూన్‌లో ఆ బండి 38 లక్షలు చేసేదని నిపుణుడు తేల్చాడనుకోండి, మీ నష్టం 9 లక్షలు. దాని మీద వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు కొంత. ఈ 9నీ పైన చెప్పిన 13నీ కలిపి 22 ఇమ్మంటే కుదరదు. 40కి తీసుకోమని అసలు కోరిక పెట్టి, అది కాకపోతే మీటరు తాలూకు పరిహారం అని ప్రత్యామ్నాయంగా అడగాలి.

మీరు గుంటూరులో ఉంటున్నారు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, విజయవాడ తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర 50 లక్షలలోపు కనుక జిల్లా కమిషన్ పరిధే. ఫీజు వెయ్యి రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. సివిల్ కోర్టుకు వెళితే మూడేళ్ల గడువుంటుంది గానీ, కోర్టు ఫీజు బరువు.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా అంటే, మీటరు విషయంలో వెళ్లవచ్చు. మీరు కొన్నది భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు కాబట్టి, పాత ఐపీసీ 420 సెక్షన్ కింద మోసమే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ 40కి తీసుకోలేదన్న దానికి పోలీసు కేసు పెట్టించే ప్రయత్నం చేయకండి. అది సివిల్ తగాదా. రెండూ కలిపి రాస్తే మంచి ఫిర్యాదు కూడా పలచనవుతుంది.

ఆర్సీ సంగతి చదివి నాకు నిజంగా భయమేసింది. రెండేళ్లుగా బండి చట్టం దృష్టిలో ఢిల్లీలో ఎవరిదో. మీకు యాక్సిడెంట్ అయితే మూడో వ్యక్తికి బీమా పరిహారం వస్తుంది గానీ, పాలసీ మీ పేరుకు మారకపోతే మీ బండి డ్యామేజీకి కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్‌హ్యాండ్ డీలర్లు ఆర్టీఏ అధికార పత్రం తీసుకోవాలి, బండి తమ చేతికి రాగానే ఆన్‌లైన్‌లో తెలపాలి. ఈ షాపుకు ఆ పత్రం ఉందా అని నోటీసులోనే అడగండి. బండిని పేరు మార్చడానికి పాత ఓనరు సంతకం పెట్టిన 29, 30 ఫారాలూ, ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ ఫారం 28 వాళ్ల నుంచే రాబట్టండి. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంటే ఏపీ నంబరు తీసుకోవాల్సిందే, లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. ఆ పని చేయకుండా కమిషన్ ముందుకెళితే అవతలివాళ్లు మొదట మీ తప్పే చదువుతారు.

వ్యాపారం చేసేవారు కనుక ఇంకో మాట. సొంత వాడకపు కారు మీద వచ్చిన నష్టాన్ని మీ మిర్చి కమిషన్ ఆదాయంలోంచి మినహాయించుకోవడం కుదరదు. అలాగే ఏ డీలరైనా ‘మీ ధరలో 18 శాతం జీఎస్టీ కోత’ అంటే ఒప్పుకోకండి. ఆ పన్ను డీలరు లాభం మీద, అతను కట్టుకోవాల్సింది.

చివరికి అమ్మాల్సి వస్తే, నోటీసు ఇచ్చి, నిపుణుడి తనిఖీ పూర్తయ్యాకే అమ్మండి. కొనేవారికి మీటరు సంగతి చెప్పి, చెప్పినట్టు అమ్మకపు పత్రంలో రాసి సంతకం తీసుకోండి. తెలిసీ చెప్పకుండా అమ్మితే, రేపు ఇదే ప్రశ్న మీ మీద ఇంకొకరు రాస్తారు.

ఈ వారంలో చేయాల్సిన మొదటి పని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఆ 2022 జాబ్‌కార్డు కాపీ అడగడం. కౌంటర్లో స్క్రీన్‌కు తీసిన ఫొటో చాలదు. ఛాసిస్ నంబరు, తేదీ, కిలోమీటర్లు కనిపించే కాగితం మీద వాళ్ల స్టాంపు, సంతకం ఉండాలి. ఇవ్వం అంటే, అడిగినట్టు ఒక ఈమెయిల్ పంపి ఉంచండి. ఆ రికార్డు తెప్పించమని కమిషన్‌ను మనమే కోరవచ్చు.