బ్యాటరీ తీసేసి సూపర్ కెపాసిటర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, నా పెట్రోల్ కారు బ్యాటరీ రెండేళ్ళు తిరక్కుండానే డౌన్ అయిపోతోంది, ఇది మూడోసారి. తెలిసినాయన ఒకరు ఆరు సూపర్ కెపాసిటర్లు (ఛార్జ్ దాచుకుని ఒక్కసారిగా ఇచ్చేసేవి) సిరీస్‌లో కట్టి, బ్యాటరీ తీసేసి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే స్టార్టయింది, నా కళ్ళతో చూశా. నేనూ 500 ఫారడ్‌ల సామర్థ్యమున్నవి ఆరు తెచ్చుకున్నా. ఇక బ్యాటరీ పక్కన పడేయొచ్చా?

జవాబు: వద్దండి, ఉంచండి. మీరు చూసింది నిజమే, కానీ అదే బండిని రాత్రంతా వదిలేసి పొద్దున్నే సెల్ఫ్ కొట్టమనండి, కదలదు. లెక్క చూడండి, ఆరు సిరీస్‌లో కడితే 500 కాస్తా 83 ఫారడ్‌లవుతుంది, 14 వోల్టుల నుంచి 10కి దిగేలోపు దాంట్లోంచి వచ్చేది సుమారు 4000 జౌల్స్, సెల్ఫ్ మోటారు ఒకటిన్నర కిలోవాట్ లాగిందంటే రెండున్నర సెకన్లలో అయిపోతుంది. ఇంజన్ వెంటనే అందుకుంటే సరే, లేదంటే రెండో ఛాన్స్ ఉండదు. అసలు చిక్కు పార్కింగ్‌లో ఉంది. తాళం తీసేసినా అలారం, సెంట్రల్ లాక్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మెమరీ అన్నీ కలిసి ఒక 30 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటాయనుకోండి, ఆ కాస్తకే మూడు గంటల్లో మీ కెపాసిటర్లు 10 వోల్టులకి వచ్చేస్తాయి, ఇక సెల్ఫ్‌కి పనికిరావు. అదే మంచి 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అయితే నెల రోజులైనా సగమే ఖాళీ అవుతుంది.

పజో, సిట్రోయెన్ డీజిల్ కార్లలో 2010లో స్టాప్-స్టార్ట్ కోసం సూపర్ కెపాసిటర్లు వాడారు, సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ స్టార్టయ్యే ఆ ఊపు కోసం. వాళ్ళు కూడా మామూలు బ్యాటరీని తియ్యలేదు. మీరూ కావాలంటే బాగున్న బ్యాటరీకి పారలల్‌గా పెట్టుకోండి, సెల్ఫ్ కొట్టినప్పుడు దాని మీద భారం తగ్గుతుంది. బ్యాలెన్సింగ్ బోర్డు మాత్రం తప్పనిసరి, ఒక్కో సెల్ తట్టుకునేది 2.7 వోల్టులే, ఆరూ సమానంగా పంచుకోకపోతే ఏదో ఒకటి ముందు పోతుంది.

ఇంకొకటి, దయచేసి ఇది మర్చిపోకండి, ఖాళీ కెపాసిటర్‌ని నేరుగా టెర్మినల్‌కి తగిలించకండి, అది షార్ట్‌తో సమానం, పెద్ద నిప్పురవ్వ లేచి క్లాంప్ కరిగిపోవచ్చు. మధ్యలో 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు ఒకటి పెట్టండి. ముందు ఫుల్లుగా వెలుగుతుంది, తర్వాత నెమ్మదిగా ఎర్రబడి కొన్ని నిమిషాల్లో ఆరిపోతుంది, అప్పుడు కెపాసిటర్ నిండినట్టు, ఇక బల్బు తీసి కలిపేయొచ్చు.

వీటన్నిటికంటే ముందు మూడు బ్యాటరీలు ఎందుకు పోయాయో చూడండి. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. తర్వాత ఇంజన్ ఆపేసి, లాక్ చేసి, అరగంట ఆగి కరెంటు కొలవండి, 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో దొంగతనంగా తాగుతున్నట్టే. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, కెమెరా ఉంటే ముందు వాటినే అనుమానించండి.

ప్రశ్న: పాత లాప్‌టాప్ సెల్స్ చాలా ఉన్నాయి సార్, వాటితో కారుకి లిథియం బ్యాటరీ కట్టుకోవచ్చా?

జవాబు: అస్సలు వద్దండి. ఆ సెల్ గరిష్ఠం 4.2 వోల్టులు, మూడు సిరీస్‌లో పెడితే 12.6, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఇచ్చేది 14.4, అంటే ఒక్కోదానికి 4.8 వోల్టులు, బానెట్ కింద మంటే. నాలుగు పెడితే ఓవర్‌ఛార్జ్ అవ్వదు గానీ, వాడేసిన, ఒకదానికొకటి సరిపోని సెల్స్ నుంచి, అదీ ఇంజన్ వేడిలో, వందల ఆంపియర్లు లాగడం ప్రమాదమే.

లిథియమే కావాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి, నాలుగు సెల్స్ ఫుల్ అయితే 14.6 వోల్టులు, ఆల్టర్నేటర్‌కి చక్కగా సరిపోతుంది. పోర్షా 2010 మోడల్ 911 జీటీ3కి ఆప్షన్‌గా లిథియం బ్యాటరీ ఇచ్చింది, బరువు 6 కిలోల లోపే, మామూలు దానికంటే 10 కిలోలు తక్కువ, అయినా చలికాలం కోసం మామూలు బ్యాటరీ కూడా జతగా ఇచ్చారు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడైపోతుంది మరి.

కొనేటప్పుడు స్టార్టింగ్ కోసం చేసిందో కాదో, బానెట్ కింద పెట్టొచ్చని కంపెనీ రాసిందో లేదో చూడండి. సోలార్ కోసం చేసినవాటిలో సెల్ఫ్ కొట్టగానే బీఎంఎస్, అంటే సెల్స్‌ని కాపాడే లోపలి సర్క్యూట్, కరెంటు కట్ చేసేస్తుంది. అంతకన్నా ఘోరం, బండి నడుస్తుండగా బీఎంఎస్ కట్ అయితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ పోయే ప్రమాదం ఉంది.