గుట్ట ఎక్కుతానన్న అల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. సంక్రాంతి సెలవుల్లో నువ్వూ నీ దోస్తులూ దేవరకొండ ఖిల్లా ఎక్కి, మరుసటి రోజు నల్లమలలో టెంట్ వేసుకుని పడుకుంటారట. మొదటిది మంచి ఆలోచనే, చలికాలం దాటితే ఆ బండల మీద కాలు పెట్టలేం. రెండోది మాత్రం ఇప్పుడే వద్దు, ఎందుకో చివర్లో చెప్తా.

ముందు పొద్దు సంగతి. మీరు హైదరాబాద్‌లో లేచి, టిఫిన్లు చేసి, ఒకడి కోసం ఒకడు ఎదురుచూసి బండ్లు తీసేసరికి తొమ్మిది దాటుతుంది, ఇక్కడికి వచ్చి అన్నం తిని గుట్ట మొదలు చేరేసరికి మూడవుతుంది. ఈ రోజుల్లో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది, ఇంకో ఇరవై నిమిషాలకి కింద అడుగు కనపడదు. నీ వయసులో నేనూ ఇదే చేశాను. నాలుగింటికి ఎక్కడం మొదలుపెట్టి, పైన బురుజు మీద కూర్చుని సూర్యుడు దిగేదాకా చూసి, తర్వాత చూస్తే నలుగురికీ కలిపి ఒకటే టార్చి, దాంట్లో సెల్లు సగం చచ్చిపోయింది. ఎక్కేటప్పుడు చెయ్యీ కన్నూ ముందు పోతాయి కాబట్టి భయం ఉండదు. దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. చివరి బండంతా కూర్చునే జారుకుంటూ వచ్చాను, ప్యాంటు వెనక చిరిగిపోయింది, మీ అమ్మమ్మ అది కుట్టనని నెల రోజులు అలాగే గూటానికి వేలాడదీసింది.

అందుకే ముందు రోజు రాత్రే మా ఇంటికి వచ్చి పడుకోండి. తెల్లారి ఏడింటికి మొదలుపెడితే పదకొండులోపు కిందికి వచ్చేస్తారు. ఇంకా ముందే ఎందుకు వద్దంటే మంచు. మన గుట్టల రాయి ఎండితే చెప్పు కింద అతుక్కున్నట్టే ఉంటుంది, అదే రాయి మీద వానాకాలం నీళ్లు కారిన చోట నల్లటి చారలు పడి ఉంటాయి చూడు, పొద్దున తడికి అవి సబ్బు రాసినట్టు జారుతాయి. నల్లచార మీద అడుగు వేయకు, పక్కనున్న తెల్లటి గరుకు బండ మీద వెయ్యి. ఈ ఒక్కటి గుర్తుంటే సగం గుట్ట ఎక్కినట్టే.

స్వెట్టర్ ఒక్కటి వేసుకుని వస్తే చాలదు. అరగంట ఎక్కాక చెమట పడుతుంది, బనియన్ తడుస్తుంది, పైకి పోగానే గాలి కొడుతుంది, అప్పుడు పట్టుకుంటుంది అసలు చలి. సంచిలో పొడి బనియన్ ఒకటి పెట్టుకో, పైన మార్చుకో. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. చలికి దప్పిక తెలియదు, దిగేటప్పుడు తల తిరుగుతుంది, అది నీళ్లు తక్కువై. చిప్స్ ప్యాకెట్లు మానేసి పల్లీలు, బెల్లం, రెండు జొన్న రొట్టెలు తెచ్చుకోండి.

సెంటు కొట్టుకుని రాకండి, నవ్వకు. కోట గోడల కింద, బండ చూరుల్లో పెద్ద తేనెతుట్టెలుంటాయి, వాటికి వాసనా పొగా రెండూ పడవు. పైన సిగరెట్లూ చలిమంటలూ వద్దు, గడ్డి ఎండి ఉంటుంది, గుట్ట మొత్తం అంటుకుంటుంది. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా తలా మొహం కప్పుకుని దూరం ఉరకాలి. ఎండ ఎక్కాక పాములు వెచ్చదనం కోసం బండ మీదికి వస్తాయి, సందులో చూడకుండా చెయ్యి పెట్టకు.

మధ్యలో ఎవడైనా నావల్ల కాదంటే వాడిని ఎగతాళి చేయకుండా అందరూ దిగిపోవాలి. ఒకణ్ణి బండ మీద కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి పోయే గుంపుతో నిన్ను నేను పంపను. నిజంగా రాయి ఎక్కడం మీద ఇష్టం పుడితే భువనగిరి పో, అక్కడ తాళ్లతో నేర్పుతారు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ మొదట సాధన చేసింది ఆ బండ మీదే, అప్పటికి ఆ పిల్లకి పద్నాలుగు కూడా నిండలేదు.

ఇక నల్లమల. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నీకు నచ్చిన చోట టెంట్ వేయడానికి అది మన చెలక కాదు. శ్రీశైలం రోడ్డు మీదే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారంటే అర్థం చేసుకో. పగటిపూట మన్ననూరు దగ్గర అటవీశాఖ వాళ్లని అడిగి, వాళ్లు పోనిచ్చిన చోటికి, వాళ్ల బండిలో పోయి రండి. రాత్రి టెంట్ సరదా తీరాలంటే మా బావి దగ్గర వేసుకోండి, కంది చేను పక్కన, నెగడు నేనే వేస్తా, అనపకాయలు అత్త ఉడకబెడుతుంది.

ఎంతమంది వస్తున్నారో శుక్రవారంలోపు చెప్పు, దుప్పట్లు చూడాలి. చెప్పులతో వచ్చినవాడిని మాత్రం గుట్ట కిందే మేకల కాపలాకి కూర్చోబెడతా.

మీ మామ