పాలు కక్కితే పసివాడి ఊపిరి ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: మా బాబు 33 వారాలకే పుట్టాడు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు పాలు పట్టాక అప్పుడప్పుడు మానిటర్ మోగేది. గుండె వేగం తగ్గిందనేవారు. ఇంటికొచ్చాక కూడా తాగిన కాసేపటికే పాలు కక్కుతున్నాడు. నిద్రలో ఐదారు సెకన్లు ఊపిరి ఆగినట్టుండి, మళ్లీ గబగబా పీలుస్తాడు. ఇదంతా అసిడిటీ అనీ, యాసిడ్ తగ్గించే చుక్కలు వేయమనీ, బోర్లా పడుకోబెట్టమనీ తెలిసినవాళ్లు చెబుతున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర ఉండటం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఐదారు సెకన్ల సంగతి చెబుతాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు కాసేపు గబగబా ఊపిరి తీసి, 5 నుంచి 10 సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంటారు. రంగు మారకుండా, ఒళ్లు వేలాడిపోకుండా ఉంటే ఆ వయసుకు అది మామూలే. 20 సెకన్లు దాటి ఆగినా, అంతకంటే తక్కువే ఆగి గుండె వేగం పడిపోయినా, పెదవులు నీలంగా మారినా దాన్ని మేం ఆప్నియా అంటాం.

మానిటర్ ఎందుకు మోగేదో కూడా మీకు తెలియాలి. గాలి దారి మొదట్లో స్వరపేటిక ఉంటుంది. ద్రవం తగిలితే పసిగట్టే నాడుల కొసలు దాని పైపొరలో ఉంటాయి. మీకో నాకో అక్కడ చుక్క పడితే పొలమారి దగ్గు వస్తుంది. నెలలు నిండని బిడ్డకు ఆ దగ్గు ఇంకా సరిగా రాదు. దగ్గుకు బదులు స్వరపేటిక మూసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, గుటకలు పడతాయి. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) రాత్రి డ్యూటీల్లో ఇది ఎన్నోసార్లు చూశాను. నిద్రలో ఉన్న బిడ్డ పెదవులు కదులుతాయి. ఒక గుటక, ఇంకో గుటక, ఛాతీ కదలదు. మానిటర్ మీద 150 ఉన్న అంకె 110కి, తర్వాత 85కి దిగుతుంది. నర్సు అరికాలి మీద వేలితో రాస్తుంది. వాడు ముఖం చిట్లించి ఊపిరి తీస్తాడు, అంకె మళ్లీ పైకి వెళుతుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా శరీరం వేసే అడ్డుగోడ ఇది. బిడ్డ ఎదిగేకొద్దీ దీని జోరు తగ్గి, దగ్గు బలపడుతుంది.

ఇది విని తప్పంతా కడుపులోంచి పాలు పైకి వచ్చే రిఫ్లక్స్‌దే అనుకోకండి. అన్నవాహికలో సన్నని గొట్టం పెట్టి, రిఫ్లక్స్‌నూ ఊపిరినీ ఒకేసారి నమోదు చేసి చూస్తే, ఊపిరి ఆగిన సందర్భాల్లో ఎక్కువ వాటికి ముందు పాలు పైకి రానేలేదు. కొన్నిసార్లు ఊపిరి ఆగాకే పాలు పైకి వస్తాయి. అసలు కారణం చాలావరకు మెదడులోని శ్వాస కేంద్రం ఇంకా పండకపోవడం. అందుకే ఆస్పత్రిలో ఈ పిల్లలకు ఆ కేంద్రాన్ని చురుకుపరిచే కెఫీన్ ఇస్తాం.

ఇక ఆ చుక్కలు. డాక్టర్ చెప్పకుండా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను. అవి పాలు పైకి రావడాన్ని ఆపవు, వచ్చినదానిలో పులుపు తగ్గిస్తాయంతే. తాగిన పాలే కొంతసేపు కడుపులోని యాసిడ్‌ను విరిచేస్తాయి. స్వరపేటిక పులుపు లేని ద్రవానికి కూడా ఉలిక్కిపడుతుంది. పైగా క్రిములను చంపేది ఆ యాసిడే. నెలలు నిండని పిల్లల్లో ఈ మందులు వాడినప్పుడు ఇన్‌ఫెక్షన్లు, ప్రమాదకరమైన పేగు జబ్బు ఎక్కువగా కనిపించాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో ఇచ్చిన నివేదిక కూడా వీటిని చాలా పొదుపుగానే వాడాలంటుంది.

బోర్లా మాత్రం పడుకోబెట్టొద్దమ్మా. ఉన్నట్టుండి నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఆ భంగిమలో ఎక్కువ. వెల్లకిలా ఉంటే పొలమారుతుందన్న భయం సహజమే కానీ, అప్పుడు గాలి గొట్టం పైనా అన్నవాహిక కిందా ఉంటాయి. కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. తల కింద దిండు, ఏటవాలు పరుపు కూడా వద్దు. కొంచెం కొంచెంగా పట్టండి, తర్వాత ఓ 20 నిమిషాలు నిటారుగా భుజాన వేసుకోండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, అది ఈ పిల్లల ఊపిరికి చేటు.

జలుబు చేస్తే జాగ్రత్త. ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్ సోకితే స్వరపేటిక స్పందన బాగా ముదురుతుంది. కొందరు చిన్నారుల్లో ఊపిరి ఆగడమే ఆ జబ్బుకు తొలి గుర్తు. మునుపటికంటే ఎక్కువసార్లు ఆగుతున్నా, ఒక్కసారైనా పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, పసరు రంగులో కక్కినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఊపిరి ఆగితే అరికాలు రాయండి, వీపు నిమరండి, ఎప్పుడూ కుదపొద్దు. అప్పటికీ కదలకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి. అది ఎలాగో మీ డాక్టర్ దగ్గర మీరూ మీవారూ ముందే నేర్చుకోండి.

ఈసారి ఊపిరి ఆగినప్పుడు బాబు బాగానే ఉంటే, పక్కనున్న వాళ్లను ఫోన్‌లో వీడియో తీయమనండి. పాలు ఎన్ని గంటలకు పట్టారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ రెండూ చూస్తే మీ డాక్టర్‌కు సగం సందేహాలు తీరిపోతాయి.