వేపపువ్వు కోసం 4.2 కిలోమీటర్లు

నగరాన్ని కట్టిన తీరును బట్టి ఇంధన ఖర్చు, కాలుష్యం మారుతాయా, ఎత్తైన టవర్లు కడితే నగరం పొదుపుగా నడుస్తుందా అని అడిగారు. మొదటిది నిజం. రెండో దానితో నేను ఏకీభవించను. ఈ వ్యవహారంలో అంతస్తుల కంటే గోడలదే పెద్ద పాత్ర అని ఒక ఉగాది నాడు నాకు అర్థమైంది.

మేము చాలా ఏళ్లు హైదరాబాదులోని నల్లకుంటలో ఉన్నాము. కూరగాయల మార్కెట్టు, మందుల షాపు, పిండిమర, బస్టాపు అన్నీ చెప్పులు వేసుకుని వెళ్లి వచ్చేంత దగ్గరలో ఉండేవి. తరువాత నగరం పడమటి అంచున నల్లగండ్ల వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో 14వ అంతస్తు ఫ్లాటుకు మారాము. ఆ ఉగాది పొద్దున మామిడికాయ, కొత్త బెల్లం, చింతపండు అన్నీ సిద్ధంగా ఉన్నాయి కానీ వేపపువ్వు తెచ్చుకోవడం మరిచిపోయాము. అమ్మ బాల్కనీలో నిలబడి, “అదుగో, గోడ అవతల చెట్టు విరగబూసి ఉంది, వెళ్లి నాలుగు రెమ్మలు తెంపుకురా” అంది. చూస్తే ఆ చెట్టు మా టవరుకు 150 మీటర్ల దూరంలో కూడా లేదు.

అయితే మా ఏకైక గేటు తూర్పున ఉంది, చెట్టు పడమటి గోడకు అవతల, పాత ఊరి ఇళ్ల మధ్య ఉంది. నడుద్దామంటే గేటు ముందున్న మెయిన్ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ లేదు. కారు తీసి, గేటు దాటి, ఎడమకు తిరిగి, డివైడరు తెరుచుకునే చోటి దాకా వెళ్లి, యూటర్ను తీసుకుని, సందుల్లోంచి ఆ చెట్టు చేరి తిరిగి వచ్చేసరికి మీటరు మీద 4.2 కిలోమీటర్లు తిరిగాయి. (కూడళ్లు మూసేసి యూటర్నులు పెట్టడం ఈ మధ్య ఒక గొప్ప పరిష్కారంగా చెలామణీ అవుతోంది, సిగ్నలు దగ్గర ఆగే బాధ తప్పించి ప్రతి బండినీ అదనంగా తిప్పడం ఎలాంటి పొదుపో నాకు బోధపడదు.) లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే మా కారు ఆ ప్రయాణానికి 350 మిల్లీలీటర్ల పెట్రోలు తాగింది. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది కనుక, గుప్పెడు వేపపువ్వు కోసం నేను గాలిలోకి 800 గ్రాములు వదిలాను.

పైకి నీళ్లు ఎక్కించడానికే టవర్లు బోలెడు కరెంటు తాగుతాయనే నింద సంగతి కూడా ఆ మధ్యాహ్నమే లెక్క వేశాను. వెయ్యి లీటర్ల నీటిని 45 మీటర్ల ఎత్తుకు తోడడానికి, పంపు సామర్థ్యం సగమే అనుకున్నా, పావు యూనిట్ కరెంటు చాలు. 350 మిల్లీలీటర్ల పెట్రోలులో ఉన్న శక్తి దాదాపు మూడు యూనిట్లు. పెట్రోలు మండిన వేడినీ కరెంటునూ ఒకే గాటన కట్టకూడదని ఇంజనీర్లు అభ్యంతరం చెప్పవచ్చు, కానీ రోజుకు వెయ్యి లీటర్ల లెక్కన మా ఇంటికి 12 రోజుల పాటు నీళ్లు ఎక్కించే శక్తిని నేను ఒక పండుగ పూట అరగంటలో ఖర్చు చేశానన్నది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

2006లో హైదరాబాదు భవన నిబంధనల్లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు అంతస్తుల మొత్తం వైశాల్యం కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితిని తీసివేసి, ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి ఎత్తుకు అనుమతించడం మొదలుపెట్టారు. దానితో ఊరు పైకి పెరిగింది, అదే సమయంలో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంట పక్కకూ పరుచుకుంది. పైకి పెరిగితే ఊరు దగ్గరవుతుందనుకోవడం భ్రమ. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇంజనీరు సెర్దా వేసిన 1859 నాటి ప్రణాళిక ప్రకారం ఏర్పడిన పేటల్లో భవనాలు ఆరేడు అంతస్తులకు మించి పెద్దగా కనబడవు, కానీ సుమారు 113 మీటర్ల ఇళ్ల వరుస దాటగానే ఒక వీధి వస్తుంది. 1990 ప్రాంతంలో బార్సిలోనా 28 లక్షల జనంతో 162 చదరపు కిలోమీటర్లలో ఇమిడి ఉండగా, అట్లాంటా 25 లక్షల జనంతో 4,280 చదరపు కిలోమీటర్లు ఆక్రమించింది. అట్లాంటా శివారు ఆల్ఫారెట్టాలో ఉండే మా చెల్లెలు పాలకు కూడా కారులోనే వెళుతుంది. మేము ఆ శివారునే నిలువుగా పేర్చుకుని, చుట్టూ గోడ కట్టుకున్నాము.

మా తప్పూ ఉంది. వాస్తు కోసం తూర్పు ద్వారమే కావాలని పట్టుబట్టి కొన్నాము. తీరా హాలూ బాల్కనీ పడమటికి తిరిగాయి. నల్లకుంటలో రెండు పక్కలా పొరుగిళ్ల గోడలు ఎండను అడ్డుకునేవి, ఇక్కడ మే నెలలో సాయంత్రం నాలుగు దాటితే ఏసీ లేకుండా హాల్లో కూర్చోలేము.

పడమటి గోడకు మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టించమని మా అసోసియేషన్ సమావేశంలో అడిగాను. భద్రతకు ముప్పు అన్నారు, ఓటింగులో ఓడిపోయాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఇల్లు ఆ వేపచెట్టు పక్కనే. ఉగాది నాడు నేను తెచ్చిన పువ్వు చూసి, “ముందే చెప్తే నేను తెచ్చేదాన్ని కదా సార్” అన్నది. ఆమె రోజూ మా బాల్కనీకి ఎదురుగా కనిపించే తన ఇంటి నుంచి బయలుదేరి, షేర్ ఆటోలో ఊరు చుట్టి మా గేటు దగ్గర దిగుతుంది.