చెత్తబండి ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలా, పంచాయతీకే వదిలేయాలా?

పోరంకి వైపు మీ కొత్త కాలనీలో ఇంటికొకరు ఒక్కో బండివాణ్ణి మాట్లాడుకున్నారు, ఇప్పుడు పంచాయతీ అంతా ఒక్కరికే అప్పగిస్తానంటోంది, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. ఒప్పుకోండి. రేటు సంగతి తర్వాత. డబ్బు కట్టని ఇంటి చెత్త ఎవరెత్తుతారు? ముందు తేల్చుకోవాల్సింది అది.

కానూరులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు కొన్నేళ్ళు నేనే రాశాను. మాకొక రిక్షా, ఎదురు అపార్ట్‌మెంటుకు ఆటో, వీధి చివరి ఇళ్ళకు ఎవరూ లేరు. వాళ్ళ కవర్లన్నీ తెల్లారేసరికి మా పక్క ఖాళీ స్థలంలో ఉండేవి. వానపడితే అవే సైడు కాలవకు అడ్డం. పూడిక తీయించే ఖర్చు మాత్రం పన్ను కట్టేవాళ్ళందరిదీ!

మా రిక్షా అతను మంచివాడే. పాల కవర్లు, అట్టలు, సీసాలు అక్కడికక్కడే వేరుచేసి గోతాంలో వేసుకునేవాడు, పాత సామాన్ల కొట్టులో అమ్ముకోవాలి కదా. కొబ్బరి బొండాలు మాత్రం ముట్టేవాడు కాదు. "బరువే గానీ రూపాయి రాదండి" అనేవాడు. ఎండాకాలమంతా గేటు పక్కన బొండాల గుట్ట, దాంట్లో దోమలు. అతన్నేమనగలం? గిట్టుబాటయ్యేదే తీసుకెళ్తాడు. మిగతాది ఎక్కడ పోస్తున్నావని మేమూ గట్టిగా అడగలేదు. అడిగితే రేటు పెంచుతాడు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లోనూ చాలాకాలం ఎవరి ఇంటికి వాళ్ళే కంపెనీని కుదుర్చుకునేవారు, ఒకే వీధిలోకి నాలుగైదు కంపెనీల లారీలు వచ్చేవి. అక్కడి చట్టం ప్రకారం ఊరు పద్ధతి మార్చాలంటే ముందు పాత కంపెనీలతోనే బేరమాడాలి. అలా మాట్లాడుకునే 2018లో నగరమంతా ఒకే పద్ధతి చేశారు. చెత్త తక్కువ వచ్చేవాళ్ళు, పక్కింటితో కలిసి ఒకే డబ్బా వాడుకునేవాళ్ళు మేమెందుకు పూర్తి బిల్లు కట్టాలని గొడవపడ్డారు. కోర్టు దాకా వెళ్ళింది. 2019లో ఓటింగ్ పెడితే జనం కొత్త పద్ధతినే ఉంచమన్నారు.

మనవాళ్ళ కోపమూ బిల్లు మీదే. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో బండ్లు మొదలుపెట్టి, మూడు రంగుల డబ్బాలిచ్చి, నెలనెలా డబ్బు వసూలు చేశారు. బండి సరిగా రాని వీధిలోనూ డబ్బడిగితే ఎవరు ఊరుకుంటారు? చెత్త పన్ను అన్న పేరు పడింది, 2024 చివర్లో రద్దయింది. బండి ఎవరిదైనా ఖర్చు ఎక్కడికీ పోదు, ఇంకో పద్దులోంచి వస్తుంది, అంతే.

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే ఇంటింటి సేకరణను స్థానిక సంస్థ బాధ్యత చేశాయి. పట్టణాన్ని ఆనుకున్న పంచాయతీలకూ ఇది వర్తించేలా రాశారు. చెత్త ఏరుకుని బతికేవాళ్ళను ఆ పనిలోకి తీసుకోవాలనీ అందులో చెప్పారు. కాబట్టి గ్రామసభలో ఊరికే చెయ్యెత్తి రాకండి. ఇప్పుడు మీ ఇళ్ళకొచ్చే బండివాళ్ళకు ముందు పని ఇవ్వాలని, బొండాలు, కొమ్మలు, పాత పరుపులు ఏ రోజు ఎత్తుతారో, బండి రాని రోజుకు కాంట్రాక్టరు బిల్లులో ఎంత కోత పడుతుందో తీర్మానంలోనే రాయించండి. కోత సంగతి రాయడానికి కాస్త నసుగుతారు. అది రాసేదాకా సంతకం పెట్టకండి.