పాట రాదు, బోధించలేను, భాషలు రాలేదు. నాకూ ఏదైనా వరం ఉందా?

వందనాలు సిస్టర్. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయినా పాట రాదు, సాక్ష్యం చెప్పమంటే టెన్షన్, అన్యభాషలు (ప్రార్థనలో ఆత్మ ప్రేరణతో వచ్చే, నేర్చుకోని భాషలు) రాలేదు, ఆరాధన అయ్యాక టీ పంచడం తప్ప సంఘంలో నాకు పనే లేదని రాశారు. నా వరమేదో, అంటే సంఘంలో సేవకోసం దేవుడు నాకిచ్చిన సామర్థ్యమేదో, ఎలా తెలుస్తుంది, దాన్ని ఎలా పెంచుకోవాలి అని అడిగారు.

పన్నెండేళ్ల క్రితం నేనూ ఇదే అడుగుతూ తిరిగాను. ఒక యూత్ రిట్రీట్‌లో వరాలు తెలుసుకోవడానికని ప్రశ్నపత్రం ఇచ్చారు. మార్కులు కూడితే నాకు బోధించే వరం అని తేలింది. సంబరపడిపోయి సండే స్కూల్ క్లాసు తీసుకున్నాను. నాలుగు వారాలు తిరిగేసరికి ఇరవై మంది పిల్లలు ఏడుగురయ్యారు, అందులో ఇద్దరు మా అన్నయ్య పిల్లలు. మనం ఏం కావాలనుకుంటామో ఆ గడిలోనే టిక్కు పెడతాం కదా. అప్పటినుంచి ఆ ప్రశ్నపత్రాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ఆ తర్వాత మా వీధిలో ఒక పెద్దావిడ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరారు. ఎవరూ పంపలేదు, ఊరికే చూసొద్దామని ఫ్లాస్కులో రాగిజావ పోసుకుని వెళ్లాను. పక్కన నిలబడి రెండు కీర్తనలు చదివి, కళ్లు మూసుకుని పావుగంట ప్రార్థన చేశాను. బాగా చేశాననే అనుకున్నాను. బయటికి వస్తుంటే వాళ్లమ్మాయి వెనకాలే వచ్చి, "అక్కా, ఏమనుకోకు. అమ్మ బెడ్‌పాన్ కావాలని అడగబోయి, నువ్వు ప్రార్థన మొదలుపెట్టావని ఆపుకుంది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వెళ్లాలంటే కాళ్లు రాలేదు. అయినా వెళ్లాను. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుని, "ఏం కావాలి పిన్నీ?" అని అడిగాను. గోళ్లు పెరిగి దుప్పటికి పట్టుకుంటున్నాయట. కత్తిరించాను. అది అయ్యేసరికి ఆవిడే, "ఇప్పుడు ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు. రెండు నిమిషాల్లో ముగించాను. డిశ్చార్జి అయ్యాక ఆవిడ సంఘంలో ఎవరితోనో, "ఆ పిల్ల వస్తే ప్రాణం కుదుటపడుతుంది" అన్నారని తెలిసింది. నా వరం పేరు నాకు అలా, వేరొకరి నోటినుంచి వచ్చింది.

బైబిల్లో రోమా 12:6-8 మళ్లీ ఒకసారి తీసి చూడండి. ప్రవచనం, బోధ ఉన్న వరుసలోనే పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం ఉన్నాయి. అక్కడే "హెచ్చరించువాడు" అని కూడా ఉంటుంది. మన పాత తెలుగు అనువాదంలో ఈ మాట చాలామందిని భయపెడుతుంది, మందలించడం అనుకుంటారు. మూలంలో అది ధైర్యం చెప్పడం, ఆదరించడం కూడా. తొలి సంఘంలోని బర్నబాను "హెచ్చరిక పుత్రుడు" అన్నది అందుకే, ఆయన జనాన్ని గదమాయించాడని కాదు. మీరు టీ అందిస్తూ ఎవరినైనా "ఏంటి, ఇవాళ డల్‌గా ఉన్నారు?" అని అడుగుతుంటే అదేమిటో ఆలోచించండి.

పెంచుకోవడం అన్నారు కదా, నేను ఎక్కువ నేర్చుకున్నది మా సంఘంలో రిటైరైన బైబిల్ ఉమన్ (ఇళ్లకు వెళ్లి స్త్రీలకు వాక్యం చెప్పే సంఘ సేవకురాలు) ఒకావిడ దగ్గర. అమ్మమ్మగారనేవాళ్లం. ఏడాదిపాటు ఆవిడ సంచి మోస్తూ ఇళ్లకీ ఆసుపత్రులకీ తిరిగాను. నిలబడి మాట్లాడొద్దు, మంచం ఎత్తుకు కూర్చో అనేవారు. "దేవుడు పరీక్షిస్తున్నాడు" అని రోగి ముందు అననిచ్చేవారు కాదు. అన్నిటికంటే, మూడో వారం వెళ్లమనేవారు. మొదటి వారం అందరూ యాపిల్స్ పట్టుకుని వస్తారు, మూడో వారానికి మంచం పక్కన ఎవరూ ఉండరు. అప్పటినుంచి చిన్న నోటుపుస్తకంలో తేదీలు రాసుకుంటున్నాను. ఇదేం ఆత్మీయత అని ఒకరు నవ్వారు కూడా.

2 తిమోతి 1:6లో పౌలు, తన శిష్యుడు తిమోతిలో ఉన్న వరాన్ని ప్రజ్వలింపజేయమంటాడు. కట్టెలపొయ్యి తెలిసినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది. రాత్రి నిప్పు పొద్దున్నకి నివురు కింద ఉంటుంది. నిప్పు మనం పుట్టించక్కర్లేదు, ఊదాలి. కానీ ఊదుతూ కూర్చుంటే కళ్లు మండుతాయి, అదీ నిజమే. ఒక ఏడాది నేను ఎవరు పిలిచినా కాదనకుండా వెళ్లి చివరికి రోగుల మీదే విసుక్కునే స్థితికి వచ్చాను. రోమా పత్రికలో కరుణించేవాడు సంతోషంతో చేయాలని ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఈ పనిలో ముందు పోయేది ఆ సంతోషమే. ఇప్పుడు వారానికి రెండు ఇళ్లే.

భాషల సంగతి: 1 కొరింథీ 12:30లో అందరూ భాషలు మాట్లాడతారా అని పౌలు అడిగిన తీరే "లేదు" అన్న జవాబు ఆశిస్తోంది. మీది అన్యభాషలకు ప్రాధాన్యమిచ్చే పెంతెకొస్తు సంఘమైతే మీ పాస్టర్ గారు నాతో ఒప్పుకోకపోవచ్చు, ఆ విషయం ఆయనతోనే మాట్లాడండి. రాలేదని మాత్రం మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

ప్రస్తుతానికి టీ పని మానకండి. ఈ ఆదివారం కప్పులు పంచేటప్పుడు, రెండు మూడు వారాలుగా ఎవరు కనిపించడం లేదో గమనించండి. ఒకరింటికి వెళ్లి రండి. ఏమైందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.